ఏం తినాలో అమ్మకు తెలుసు. మరి చిక్కెక్కడ?

డైటీషియన్ దగ్గరికి వచ్చిన తల్లి నోట తరచూ వినిపించే మొదటి మాట, "ఒక డైట్ చార్ట్ రాసివ్వండి" అని. ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువులు, పెద్దవాళ్ల మందులు, వీటన్నిటి మధ్య తిండి సంగతి ఎవరైనా కాగితం మీద తేల్చిపెడితే ఒక బరువు దిగుతుందని ఆమె ఆశ. ఆ ఆశలో తప్పేమీ లేదు. కానీ రెండు వారాలు తిరిగేసరికి కాగితం ఫ్రిజ్ తలుపు మీదే ఉంటుంది, వంట మాత్రం ఎప్పటిలాగే సాగుతుంటుంది. పైపెచ్చు "చెప్పినా చేసుకోలేకపోయాను" అన్న బాధ ఒకటి కొత్తగా వచ్చి చేరుతుంది.

ఇందులో ఆమె బద్ధకం లేదు, అజ్ఞానం అసలే లేదు. కూరగాయలు మంచివనీ, చక్కెర తగ్గించాలనీ, పప్పుల్లో ప్రొటీన్ ఉంటుందనీ తెలియని తల్లి అరుదు. తెలిసినదాన్ని రోజూ, పూటపూటకీ, ఇంట్లో అందరి ఆకళ్లకీ అలకలకీ సర్దుతూ జరిపించడమే కష్టం. అందులో వంట కనిపించే భాగం. మిగతాదంతా తలలో నడుస్తుంది కాబట్టి ఎవరి లెక్కలోకీ రాదు.

ఆ కనిపించని పనిని విడదీసి చూపిన పరిశోధన ఒకటుంది. అమెరికా సామాజిక శాస్త్రవేత్త అలిసన్ డామింజర్ 35 జంటలకు చెందినవాళ్లతో మాట్లాడి 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇంటిపనిలోని ఆలోచనా భాగాన్ని ఆమె నాలుగు దశలుగా చెప్పారు: రాబోయే అవసరాన్ని ముందే పసిగట్టడం, దానికి ఉన్న దారులు వెతకడం, ఏదో ఒకటి తేల్చడం, అనుకున్నది జరిగిందో లేదో కనిపెట్టుకుని ఉండడం. తేల్చే దశలో భార్యాభర్తలిద్దరూ ఉంటున్నారు. పసిగట్టడం, కనిపెట్టుకుని ఉండడం మాత్రం ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడుతున్నాయి.

ఒక మామూలు రాత్రి భోజనాన్ని ఈ నాలుగు దశల్లో చూడండి. కూరగాయలు రేపటికి చాలవని పొద్దున్నే గుర్తుకు రావాలి. పెద్దవాడికి సాయంత్రం ఆట ఉంది, ఆకలిగా వస్తాడు. చిన్నదానికి నిన్నటి నుంచి కడుపు బాగోలేదు. అత్తగారికి ఉప్పు తగ్గించమన్నారు. వీటన్నిటికీ సరిపోయేది, ఇంట్లో ఉన్నవాటితో అరగంటలో అయ్యేది వెతకాలి. తేల్చడం ఒక్క నిమిషం పని. ఆ తర్వాత ఎవరు తిన్నారు, ఎవరు వదిలేశారు, మిగిలింది ఎప్పటిలోగా వాడెయ్యాలి అన్నది పడుకునేదాకా మనసులో తిరుగుతూనే ఉంటుంది.

డైట్ చార్ట్ తగ్గించేది ఆ మధ్యలోని ఒక్క నిమిషాన్నే. ఏం వండాలో అది తేలుస్తుంది. కానీ చార్టులో ఉన్నవన్నీ ముందుగా తెచ్చిపెట్టుకోవడం, దాని ప్రకారం అందరూ తింటున్నారా అని చూసుకోవడం అనే రెండు కొత్త పనుల్ని ఆమె నెత్తిన పెడుతుంది. అందుకే తల్లులతో పనిచేసే మంచి డైటీషియన్‌ను అంచనా వేయడానికి నా దగ్గర ఒకటే కొలత ఉంది. ఆమెతో మాట్లాడి బయటికి వచ్చాక తల్లి తలలో పనులు తగ్గాయా, పెరిగాయా? పెరిగితే ఆ సలహా శాస్త్రీయంగా ఎంత సరైనదైనా ఆ ఇంట్లో నిలవదు.

డైటీషియన్ చేసే పని

ఈ వృత్తికి వందేళ్లు దాటింది. అమెరికాలో డైటీషియన్ల సంఘం 1917లో, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, క్లీవ్‌లాండ్ నగరంలో ఏర్పడింది. ఇప్పుడు అక్కడ రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష రాయాలంటే 2024 జనవరి నుంచి మాస్టర్స్ డిగ్రీ తప్పనిసరి. బ్రిటన్‌లో డైటీషియన్ అన్న హోదాకు చట్టం రక్షణ ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న మండలిలో నమోదు కానివారు ఆ పేరు పెట్టుకోకూడదు. న్యూట్రిషనిస్ట్ అన్న పేరుకు చాలా దేశాల్లో అలాంటి కట్టుబాటు లేదు. నాలుగు వారాల ఆన్‌లైన్ కోర్సు చేసినవాళ్లూ, ఏళ్లతరబడి చదివినవాళ్లూ ఒకే పేరుతో కనిపించవచ్చు. కాబట్టి చదువు, నమోదు, ఆసుపత్రి శిక్షణ గురించి అడగడం అమర్యాద కాదు. అడిగి తీరాలి.

వృత్తిపరంగా వీళ్ల పని నాలుగు మెట్లలో సాగుతుంది. పరిస్థితిని అంచనా వేయడం, పోషణకు సంబంధించిన సమస్య ఏదో గుర్తించడం, తగిన మార్పు సూచించడం, ఫలితం చూసి సరిదిద్దడం. మొదటి మెట్టులో వాడే సాధనాల్లో ఒకటి గడిచిన 24 గంటల్లో ఏం తిన్నారో గుర్తు చేయించడం. వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. అది ఎలా సాగుతుందో చూడండి.

"నిన్న నిద్ర లేచాక నోట్లోకి మొదట వెళ్లిందేంటండీ?"

"కాఫీ."

"దాంతోపాటు?"

"ఏమీ లేదండీ. పాపని బడికి పంపాక బాబు వదిలేసిన బ్రెడ్డు ముక్క తిన్నా."

"మధ్యాహ్నం?"

"మీటింగ్ ఉంది. ఇంకో కాఫీ, రెండు బిస్కెట్లు."

"మరి భోజనం?"

"నాలుగింటికనుకుంటా. కంప్యూటర్ ముందే ఏదో తినేశా."

"రాత్రి?"

"పిల్లలకి పెట్టాక వాళ్ల కంచాల్లో మిగిలింది తిని, పైన కాస్త వడ్డించుకున్నా. అంతా పడుకున్నాక పదిన్నరకి చిప్స్. అదేనండీ నా సమస్య. రాత్రిపూట నోరు కట్టుకోలేకపోతున్నా."

ఆమె దృష్టిలో సమస్య పదిన్నరకి మొదలైంది. డైటీషియన్ దృష్టిలో పొద్దున ఏడింటికే మొదలైంది. పగలంతా శరీరానికి అందాల్సింది అందకపోతే రాత్రి ఆకలి ముదిరి వస్తుంది. అప్పటికి అలసట కూడా తోడవుతుంది కాబట్టి ఉప్పగానో తియ్యగానో, వెంటనే దొరికేదాని మీదికే చెయ్యి వెళ్తుంది. ఇక్కడ "రాత్రి చిప్స్ మానెయ్యండి" అనడం తేలిక. పనిచేసే సలహా వేరు: మధ్యాహ్నం ఒంటిగంటకు, కూర్చుని, మీ కోసమే పెట్టుకున్న ఒక కంచం. రెండు వారాలు ఆ ఒక్కటే. మరేదీ మార్చనక్కర్లేదు.

ఇంకో విషయం గమనించారా? ఆమె తిన్నవాటిలో మొదటి నుంచీ తనకోసం పెట్టుకున్నది దాదాపు లేదు. ఒకరు వదిలేసింది, ఇంకొకరి కంచంలో మిగిలింది, చేతికందింది. ఇంట్లో అందరి అవసరాల్నీ ముందే పసిగట్టే మనిషి అవసరాన్ని పసిగట్టేవాళ్లు ఎవరూ లేరు. అందుకే కుటుంబ పోషణ గురించి మాట్లాడేటప్పుడు మొదట చూడాల్సింది పిల్లల పళ్లేన్ని కాదు, తల్లి కంచాన్ని.

అలసట అంతా పనివల్లే కాదు

"పిల్లలున్నాక అలసట మామూలే కదా" అని సరిపెట్టుకునే తల్లుల్లో కొందరికి అసలు కారణం రక్తంలో ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో సుమారు 30 శాతం మందికి రక్తహీనత ఉంది. దానికి ప్రధాన కారణాల్లో ఇనుము లోపం ఒకటి. నెలసరిలో పోయే రక్తంతో పాటు ఇనుమూ పోతుంది. అమెరికా ప్రమాణాల్లో వయోజన పురుషుడికి రోజుకు 8 మిల్లీగ్రాముల ఇనుము చాలు. 19 నుంచి 50 ఏళ్ల స్త్రీకి 18 కావాలి. గర్భిణికి 27. ఆకలి భర్తకన్నా తక్కువ, ఇనుము అవసరం రెట్టింపుకన్నా ఎక్కువ. ఈ లెక్క చూస్తే మిగిలినవి తినడం ఎందుకు చాలదో తెలుస్తుంది.

ఇనుము ఒక్కసారిగా పడిపోదు. మొదట శరీరంలోని నిల్వలు కరుగుతాయి, అప్పటికి హిమోగ్లోబిన్ మామూలుగానే కనిపించవచ్చు. నిల్వల్ని సూచించేది ఫెరిటిన్ పరీక్ష. "హిమోగ్లోబిన్ బాగానే ఉంది, అయినా ఒంట్లో శక్తి లేదు" అనేవాళ్ల విషయంలో డైటీషియన్ డాక్టర్‌తో మాట్లాడి ఆ పరీక్ష చేయించమనడం అందుకే. ప్రసవం తర్వాతి ఏడాదిలో మరొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. వందమంది బాలింతల్లో సుమారు ఐదుగురికి థైరాయిడ్ గ్రంథి వాపు వస్తుంది. దాని లక్షణాలు అలసట, చిరాకు, గుండెదడ, బరువులో మార్పు. ఇవన్నీ నిద్రలేమి ఖాతాలోకి వెళ్లిపోయి జబ్బు దాగిపోతుంది. తిండి మార్చితే తగ్గేది కాదు అది.

ఇనుము ఎంత తిన్నామన్నదానితో పాటు దేంతో కలిపి తిన్నామన్నదీ ముఖ్యమే. పప్పులు, చిక్కుళ్లు, ఆకుకూరల్లోని ఇనుమును శరీరం తేలిగ్గా పీల్చుకోలేదు. అదే భోజనంలో విటమిన్ సి ఉన్నది ఏదైనా ఉంటే, నిమ్మరసం పిండినా, టమాటా, క్యాప్సికం, నారింజ లాంటివి తిన్నా, పీల్చుకునే శాతం పెరుగుతుంది. టీ, కాఫీల్లోని పాలీఫినాల్స్ అనే పదార్థాలు దీనికి అడ్డుపడతాయి. ఇందాకటి సంభాషణలోని తల్లికి కాఫీ మానమని చెప్పాల్సిన పనిలేదు. రోజులో ఆమె తనకోసం చేసుకునే పని అదొక్కటే కావచ్చు, దాన్నీ తీసెయ్యడం అన్యాయం. భోజనానికీ కాఫీకీ మధ్య ఒక గంట ఎడం ఉంటే చాలు. రక్తహీనత తేలితే మాత్రం తిండి ఒక్కటే సరిపోదు, మాత్రలు కావాలి. హిమోగ్లోబిన్ సరైన స్థాయికి వచ్చాక కూడా నిల్వలు నిండడానికి సుమారు మూడు నెలలు వాటిని కొనసాగించమంటారు. బాగానే ఉందని మధ్యలో మానేసేవాళ్లకు మళ్లీ అదే అలసట తిరిగొస్తుంది.

ఇక బరువు. ప్రసవం తర్వాత తొందరగా తగ్గాలన్న ఒత్తిడి చుట్టూ ఉన్నవాళ్ల మాటల్లోంచి, ఫోన్ తెరమీది బొమ్మల్లోంచి వస్తుంది. పాలిచ్చే తల్లికి రోజుకు సుమారు 330 నుంచి 400 కేలరీలు అదనంగా కావాలి. ఆ సమయంలో పూటలు మానెయ్యడం ఆమె ఓపికనూ, నిల్వలనూ తినేస్తుంది. మళ్లీ గర్భం దాల్చే అవకాశం ఉన్నవాళ్లు రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ తీసుకోవాలన్నది ఇంకో ముఖ్యమైన విషయం. బిడ్డ వెన్నుపాముగా మారే నాళం సరిగా మూసుకోవడానికి అది అవసరం, ఆ నాళం గర్భం దాల్చిన మొదటి నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది. చాలామందికి అప్పటికింకా గర్భం సంగతే తెలియదు.

"మావాడు ఏమీ తినడు"

తల్లుల నిద్ర చెడగొట్టే మాట ఇది. దీని వెనక సాధారణంగా ఒక లెక్క ఉంటుంది, దాన్ని ఎవరూ ముందుగా చెప్పరు. పుట్టినప్పటి బరువుకు బిడ్డ మొదటి ఏడాది నిండేసరికి మూడింతలవుతుంది. అంటే ఆరేడు కిలోలు పెరుగుతుంది. రెండో ఏడాది పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. పెరుగుదల ఇంతగా నెమ్మదిస్తే ఆకలి కూడా తగ్గుతుంది. నిన్నటిదాకా గిన్నె ఖాళీ చేసిన బిడ్డ ఇవాళ నాలుగు ముద్దలకే తల తిప్పేస్తే తల్లి కంగారుపడుతుంది. బిడ్డ మాత్రం తన ఒంటికి కావాల్సినంతే తింటోంది.

అదే సమయంలో రెండోదీ మొదలవుతుంది. రెండేళ్ల నుంచి ఆరేళ్ల దాకా పిల్లల్లో కొత్త ఆహారమంటే బెరుకు ఎక్కువగా ఉంటుంది. నడక వచ్చి, తనంతట తాను ఏదైనా నోట్లో పెట్టుకోగల వయసులో తెలియనిదాన్ని అనుమానించడం ఒకప్పుడు ప్రాణరక్షణకు పనికొచ్చి ఉంటుందని శాస్త్రజ్ఞుల ఊహ. ఏదైనా, అది ఎదుగుదలలో భాగం. తల్లి పెంపకంలో లోపం కాదు.

కంగారు పడ్డ తల్లి చేసే మొదటి పని బతిమాలడం. రెండోది బెదిరించడం. మూడోది బేరం: "కూర తింటే ఐస్‌క్రీమ్." ఇలాంటి పద్ధతుల్ని పరిశోధకులు పరీక్షించి చూశారు. పిల్లల తిండి ఇష్టాలపై జీవితకాలం పనిచేసిన అమెరికన్ శాస్త్రవేత్త లియాన్ బర్చ్ ఇందులో ముఖ్యులు. 2006లో ఆమె బృందం ప్రచురించిన అధ్యయనంలో బడికి వెళ్లే ముందు వయసు పిల్లలకు సూప్ ఇచ్చారు. ఒక సూప్ విషయంలో "పూర్తి చెయ్యి" అని పదేపదే చెప్పారు, ఇంకోదాని ఊసెత్తలేదు. ఒత్తిడి లేని సూప్‌నే పిల్లలు ఎక్కువ తాగారు. ఒత్తిడి చేసినదాని గురించి విసుగు మాటలు కూడా ఎక్కువే అన్నారు. లంచంగా పెట్టే తీపి సంగతీ అంతే. కూర తింటేనే తీపి అన్నప్పుడు, కూర భరించాల్సిన కష్టమనీ తీపి అసలైన బహుమతి అనీ బిడ్డకు మనమే నేర్పుతున్నాం. పూర్తిగా నిషేధించడం కూడా పనిచేయదు. కళ్లెదుటే ఉండి చేతికందకుండా చేసిన తినుబండారం మీద పిల్లల ధ్యాస మరింత పెరిగిందని బర్చ్, జెనిఫర్ ఫిషర్ 1999లో చూపించారు.

మరి పనిచేసేది ఏది? పరిచయం. 1982లో బర్చ్ రెండేళ్ల పిల్లలకు కొత్త ఆహారాల్ని కొన్ని కొద్దిసార్లు, కొన్ని ఎక్కువసార్లు రుచి చూపించారు. ఎక్కువసార్లు రుచి చూసినవాటినే పిల్లలు ఎక్కువగా ఇష్టపడ్డారు. ఆ తర్వాతి అనుభవమంతా కలిపి డైటీషియన్లు చెప్పేది, ఒక కొత్త కూరగాయకు ఎనిమిది నుంచి పదిహేను అవకాశాలు ఇవ్వమని. మూడోసారికే "వాడికి ఇది నచ్చదు" అని ముద్ర వేసేస్తే ఆ కూరగాయ ఇంట్లోంచే వెళ్లిపోతుంది. ప్రతి అవకాశమూ ఒక గిన్నెడు వండి పారబోయడం కానక్కర్లేదు. చిటికెన వేలంత ముక్క, కంచం అంచున, ఏ వ్యాఖ్యా లేకుండా. ముట్టుకున్నా, వాసన చూసి పెట్టేసినా అది లెక్కలోకి వస్తుంది.

ఇక్కడే డైటీషియన్ తల్లికి ఇవ్వగలిగిన అతి పెద్ద ఊరట ఉంది. అమెరికన్ డైటీషియన్, కుటుంబ చికిత్సకురాలు ఎలిన్ సాటర్ 1980ల్లో చెప్పిన బాధ్యతల పంపకం అది. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి, ఈ మూడూ పెద్దవాళ్లవి. తినాలా వద్దా, ఎంత తినాలి, ఈ రెండూ బిడ్డవి. ఇంతే. చాలామంది ఇళ్లలో ఇది తలకిందులుగా నడుస్తుంది. ఏం వండాలో బిడ్డ చెబుతాడు, ఎంత తినాలో తల్లి చెబుతుంది. సరిచేసిన రోజున తల్లి చేతిలోంచి ఒక పెద్ద పని జారిపోతుంది: ప్రతి ముద్దనూ లెక్కపెట్టి కాపలా కాయడం. డామింజర్ చెప్పిన నాలుగో దశలో, అంటే కనిపెట్టుకుని ఉండడంలో, సగం అదే.

"అలా వదిలేస్తే బిస్కెట్లే తింటాడు కదా" అన్న భయం సహజం. దీనికి 1928లో క్లారా డేవిస్ అనే వైద్యురాలు ప్రచురించిన ప్రయోగం మంచి జవాబు. అప్పుడే పాలు మానిన పసివాళ్ల ముందు ఆమె రకరకాల ఆహారాలు పెట్టించి, ఏది కావాలంటే అది, ఎంత కావాలంటే అంత తిననిచ్చారు. తినమని ప్రోత్సహించడం గానీ వద్దనడం గానీ చేయకూడదని నర్సులకు గట్టిగా చెప్పారు. ఏ ఇద్దరూ ఒకేలా తినలేదు, ఒక్కొక్కరు కొన్నాళ్లు ఒకదాన్నే పట్టుకున్నారు, అయినా అందరూ ఆరోగ్యంగా పెరిగారు. కానీ కిటుకు జాబితాలో ఉందని డేవిసే చెప్పారు. వాళ్ల ముందు పెట్టినవన్నీ మాంసం, గుడ్లు, పాలు, ధాన్యాలు, కూరగాయలు, పళ్లు. చక్కెర గానీ, చక్కెర కలిపినవి గానీ లేవు. ఎంపిక స్వేచ్ఛ బిడ్డదే, జాబితా మాత్రం పెద్దవాళ్లది. సాటర్ మాటా సరిగ్గా ఇదే.

ఈ పద్ధతి నడవాలంటే వేళలు కుదరాలి. చిన్నపిల్లలకు మూడు పూటల భోజనం, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి, ప్రతిదానికీ మధ్య రెండు మూడు గంటల ఎడం. ఆ ఎడంలో మంచినీళ్లు మాత్రమే. "ఏమీ తినడు" అన్న పిల్లల్లో చాలామంది రోజంతా పాలు తాగుతూ ఉంటారు. ఏడాది దాటిన బిడ్డకు రోజుకు అర లీటరు పాలు చాలు. 700 మిల్లీలీటర్లు దాటితే కడుపు పాలతోనే నిండిపోయి తిండికి చోటుండదు. పాలల్లో ఇనుము చాలా తక్కువ కాబట్టి ఇలాంటి పిల్లల్లో రక్తహీనత తరచూ కనిపిస్తుంది. సీసాలో పాలు తగ్గించగానే ఆకలి తిరిగొచ్చిన ఇళ్లు ఎన్నో.

ఒక్క వంట, ఎన్నో కంచాలు

బిడ్డకొకటి, భర్తకొకటి, పెద్దవాళ్లకొకటి, ఇలా పూటకు మూడు వంటలు చేసే తల్లికి పోషణ గురించి ఆలోచించే ఓపిక ఎక్కడిది? వంట ఒక్కటే ఉండాలి, వడ్డించడంలో తేడా ఉండాలి.

దీనికి హార్వర్డ్ ప్రజారోగ్య పాఠశాల 2011లో ఇచ్చిన కంచం బొమ్మ సులువైన ఆధారం. సగం కూరగాయలు, పళ్లు. పావు పొట్టు తీయని ధాన్యం. పావు ప్రొటీన్, అంటే పప్పులు, చిక్కుళ్లు, గుడ్లు, చేపలు, మాంసం ఏదైనా. గ్రాములు తూచనక్కర్లేదు, కంటికి కనిపించే కొలత చాలు. ప్రతి పూటా ఇలాగే కుదరాలని కూడా లేదు. వారం మొత్తం మీద చూసుకోవాలి.

అందరికీ ఒకే వంట అన్నప్పుడు ఒక చిన్న నియమం పెట్టుకుంటే గొడవలు తగ్గుతాయి. బిడ్డకు బాగా అలవాటైన పదార్థం ఒకటైనా ఆ పూట ఉండాలి. కొత్త కూర ముట్టకపోయినా అది తిని లేస్తాడు. వేరే వంట అడిగితే మాత్రం, "ఇవాళ్టికి ఇవేరా నాన్నా, మళ్లీ నాలుగింటికి ఏదైనా తిందువుగాని" అని మామూలుగా చెప్పడమే. మొదటి వారం ఏడుపులుంటాయి. పెద్దవాళ్ల గొంతులో కోపం లేకపోతే అవి త్వరగానే సద్దుమణుగుతాయి.

వయసును బట్టి మార్చాల్సినవి కొన్నే ఉన్నాయి, కానీ అవి కచ్చితంగా పాటించాలి. ఏడాదిలోపు బిడ్డకు తేనె అసలు వద్దు, బొటులిజం అనే ప్రాణాంతకం కాగల జబ్బు ప్రమాదం ఉంది. ఆ వయసులో ఉప్పు కలిపే ముందే బిడ్డ వాటా తీసి పక్కన పెట్టాలి. రెండేళ్లలోపు చక్కెర కలపొద్దు. ఐదేళ్లలోపు పిల్లలకు గింజలు, వేరుశనగలు లాంటివి పొడి చేసో ముద్ద చేసో తప్ప ఇవ్వకూడదు. ద్రాక్షపళ్లను నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి. ఊపిరి ఆడకుండా చేసేవి గుండ్రంగా, జారేలా ఉండే ఇలాంటివే. పెద్దవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు, అంటే ఒక టీస్పూను కన్నా తక్కువ. బిడ్డ కోసం తగ్గించిన ఉప్పు ఇంట్లో అందరికీ మేలే చేస్తుంది.

సమయం ఎక్కడ దొరుకుతుంది

వారానికి ఏడు కొత్త వంటలు ఆలోచించనక్కర్లేదు. ప్రతి రోజుకూ ఒక కోవ అనుకుంటే సరిపోతుంది: ఒకరోజు గుడ్లు, ఒకరోజు చిక్కుళ్లు, ఒకరోజు ఒకే గిన్నెలో అయిపోయే వంట, ఒకరోజు మిగిలినవాటితో సరిపెట్టడం. కోవ అలాగే ఉంటుంది, అందులో కూరగాయ మారుతుంది. దీనివల్ల సరుకుల పట్టీ కూడా దాదాపు ఒకేలా ఉంటుంది, ముందే పసిగట్టే పని చాలావరకు తీరిపోతుంది. తినేవాళ్లకు విసుగొస్తుందేమో అని తల్లులు బెంగపడతారు గానీ, పిల్లలకు నచ్చేది ముందే తెలిసిన వరసే.

ఫ్రోజెన్ కూరగాయల విషయంలో చిన్నచూపు అనవసరం. కోసిన కొద్ది గంటల్లోనే గడ్డకట్టించినవాటిలో పోషకాలు, ఫ్రిజ్‌లో ఐదారు రోజులు వాడిపోయిన తాజా కూరగాయలకు ఏమాత్రం తీసిపోవు. డబ్బా చిక్కుళ్లను నీళ్లతో కడిగి వాడుకుంటే ఉప్పు కొంత పోతుంది. కొనుక్కొచ్చిన తిండి తిన్న రోజున దాని పక్కన ఒక పండు, కాసిని పచ్చి కూరగాయ ముక్కలు పెట్టుకోవచ్చు. ఆ పూట వృథా అయిందని బాధపడాల్సిన పనిలేదు.

ఒకేసారి ఎక్కువ వండి దాచేవాళ్లు జాగ్రత్త పడాల్సింది ఉష్ణోగ్రత దగ్గర. వండినదాన్ని రెండు గంటల్లోగా ఫ్రిజ్‌లో పెట్టాలి, ఫ్రిజ్ 4 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు, మూడు నాలుగు రోజుల్లో తినెయ్యాలి. అన్నం మాత్రం ఇంకా త్వరగా చల్లార్చి మర్నాటికల్లా వాడెయ్యాలి. బియ్యంలో ఉండే ఒక రకం బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, వెచ్చగా వదిలేస్తే విషం తయారుచేస్తాయి. మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు.

ఇంట్లో ఇంకో పెద్ద మనిషి ఉంటే పని పంచుకోవడం గురించీ డైటీషియన్ మాట్లాడాలి. ఇది పోషణ విషయమే. "నాకేం చెయ్యాలో చెప్పు, చేస్తాను" అనే భర్త మంచివాడే, కానీ అలా అన్నప్పుడు పసిగట్టడం, వెతకడం, చూసుకోవడం ఇంకా భార్య దగ్గరే ఉండిపోతాయి. దానికి బదులు వారంలో రెండు రాత్రుల భోజనం పూర్తిగా ఆయనది అనుకోవాలి. సరుకులు ఉన్నాయో లేవో చూసుకోవడం నుంచి, గిన్నెల్లో మిగిలింది సర్దడం దాకా. ఆ రెండు రాత్రులూ ఆమె వంటింటివైపు చూడకూడదు. ఆయన వండింది ఆమె పద్ధతిలో లేకపోయినా సరే.

తిండి సలహా చాలని చోటు

పిల్లల పెరుగుదల పట్టీ (గ్రోత్ చార్ట్) మీద చుక్క ఎక్కడుందన్నది ఒక్కటే ముఖ్యం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం, 15వ పర్సెంటైల్ గీత (అదే వయసు పిల్లలు వందమందిలో సుమారు 15 మంది దాని కింద ఉంటారు) వెంబడి నిలకడగా పెరిగే బిడ్డ సన్నగా ఉన్నా ఆరోగ్యంగా ఉన్నట్టే. 60వ గీత మీదున్న బిడ్డ కొన్ని నెలల్లో 20కి జారితే అది ఆలోచించాల్సిన సంగతి. ముద్ద మింగేటప్పుడు తరచూ పొలమారడం, నెలలు గడుస్తున్నకొద్దీ తినే పదార్థాల సంఖ్య తగ్గిపోతుండడం, ఒక రకం ముట్టుకుంటేనే వాంతి రావడం, ఎదుగుదల ఆగిపోవడం, ఇవి మామూలు మొండితనం కాదు. ఎఆర్‌ఎఫ్‌ఐడి అనే రుగ్మతను, అంటే చాలా ఆహారాల్ని తప్పించుకుంటూ తిండిని మరీ కుదించుకునే సమస్యను, 2013లో మానసిక వైద్యుల ప్రామాణిక జాబితాలో చేర్చారు. దీనికి పిల్లల వైద్యులు, మింగడంలో శిక్షణ ఇచ్చే థెరపిస్టు, మనస్తత్వ నిపుణులు కలిసి పనిచేయాలి. ఈ పిల్లల విషయంలో "ఆకలేస్తే వాడే తింటాడు" అన్న సలహా ప్రమాదకరం.

తల్లి విషయంలోనూ అంతే. కావాలని పూటలు మానెయ్యడం, తిన్నాక వాంతి చేసుకోవడం, ఆపుకోలేక తిని ఆ తర్వాత సిగ్గుతో కుంగిపోవడం, ప్రసవం తర్వాత దిగులు రెండు వారాలు దాటినా వదలకపోవడం, ఇవి కనిపిస్తే ముందు డాక్టర్‌కు చెప్పాలి. బరువు తగ్గించే సలహా ఏదైనా అప్పటికి ఆపెయ్యాలి.

మొదటిసారి డైటీషియన్‌ను కలవడానికి వెళ్లేటప్పుడు ఈ మధ్య చేయించిన రక్తపరీక్షల కాగితాలు, పిల్లల పెరుగుదల పట్టీ, వాడుతున్న మందుల పేర్లు దగ్గర పెట్టుకోవాలి. మూడు రోజులు తిన్నవన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసి ఉంచుకుంటే మంచిది, నిలబడి తిన్న బ్రెడ్డు ముక్కతో సహా. అందులో ఒకటి సెలవురోజు అయితే ఇంకా నయం. ఆ రోజు ఇంట్లో ఎవరు, ఎప్పుడు, ఎక్కడ తిన్నారో కూడా రాసుకోవాలి. వంటలో వాటా తీసుకోబోయే మనిషిని కూడా వెంటబెట్టుకెళ్తే అన్నిటికన్నా మేలు. లేకపోతే అక్కడ విన్నదంతా ఇంటికొచ్చి ఇంకొకరికి వివరించే పని కూడా మళ్లీ ఆమెకే మిగులుతుంది.